కెపాసిటీ బిల్డింగ్ ఎన్ని అంతస్తులు?

2005. మాదాపూర్ వైపు ఎటు చూసినా అద్దాల మేడలు లేస్తున్న రోజులు. నేను ఒక క్రీడా ట్రస్టులో స్పోర్ట్స్ కోఆర్డినేటర్‌ని. స్థలం ఉన్నవాళ్లనీ, డబ్బున్నవాళ్లనీ, ఆడే పిల్లలనీ ఒకచోట చేర్చడం నా పని. పెళ్లి సంబంధాలు కుదిర్చినట్టే గానీ, ఇక్కడ అలకలు మూడు వైపులా ఉంటాయి.

ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో వెనక, సెట్లు విప్పి పడేసే ఖాళీ జాగా ఉండేది. దిగువ బస్తీ ఆడపిల్లలు మేకులు ఏరిపారేసి అక్కడ కబడ్డీ ఆడేవారు. పొద్దుటిపూట జాగా వాడుకోమన్నారు స్టూడియో మేనేజరు మూర్తిగారు. మ్యాట్లు, కోచ్ జీతం ఇస్తామంది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇలా వేర్వేరు రంగాలవాళ్లు చేతులు కలపడాన్ని మావాళ్లు క్రాస్ సెక్టార్ పార్ట్‌నర్‌షిప్ అంటారు. అది కుదిరినందుకు నేను గాల్లో తేలిపోతున్నాను.

తీరా ప్రారంభం రోజున వెళ్తే, బస్తీ ఆడవాళ్లంతా గ్రౌండు మధ్యలో బైఠాయించి ఉన్నారు. ముందు వరసలో యాదమ్మ. మా జట్టులో కూతకెళ్తే ఉత్త చేతులతో తిరిగిరాని పిల్ల ఆమె కూతురే.

"ఏంటి యాదమ్మా ఇది?"

"గీడ బిల్డింగ్ కడ్తరంట గద మేడం! మా పోరిలు ఆడుకునే జాగ గిదొక్కటే. గిది గూడ గుంజుకుంటరా?"

"ఎవరన్నారు?"

ఆమె గేటుకేసి చెయ్యి చూపింది. కంపెనీవాళ్లు కట్టిన బ్యానరు మీద 'కెపాసిటీ బిల్డింగ్ కార్యక్రమం' అని తాటికాయంత అక్షరాలు.

"మాకు సదువు రాదనుకున్నరా? ఎన్ని అంతస్తులు?"

నాకు నవ్వాగలేదు. మూర్తిగారు తల పట్టుకుని, "ఆ బ్యానరు పీకించేస్తానండీ, గొడవొదిలిపోద్ది" అన్నారు. కానీ ఆ ఏడాది చుట్టుపక్కల ఖాళీ స్థలాలన్నిటికీ ప్రహరీలు లేచాయి. వాళ్ల భయం ఉత్తిది కాదు. నేనూ అక్కడే చతికిలబడ్డాను.

"కట్టేది బిల్డింగ్ కాదు యాదమ్మా. మనుషుల్ని తయారుచేయడాన్ని ఇంగ్లిషులో అలా అంటారు. పిల్లలకు కోచ్ వచ్చి నేర్పుతాడు."

"మరి కోచ్ పోతే?"

ఇన్ని మీటింగుల్లో ఎవరికీ తట్టని ప్రశ్న! నాకు హుషారొచ్చింది. "అయితే నువ్వు నేర్చుకుంటావా?"

"పరాచికాలాడకున్రి" అంది గానీ, కళ్లు మెరిశాయి. "చిన్నప్పుడు మస్తు ఆడిన."

అక్కడికక్కడే ప్లాను మార్చాను. కోచ్ సమయంలో కొంత తల్లులకు: ఆట నియమాలు, రిఫరీ పని, దెబ్బ తగిలితే చేసే ప్రథమ చికిత్స. గ్రౌండు సంగతులు కూడా ఇకమీదట మూర్తిగారితో వాళ్లే నేరుగా మాట్లాడుకోవాలన్నాను. కంపెనీవాళ్లు సణిగారు. నేను పట్టు వదల్లేదు.

కొన్నేళ్లకు ఐటీలో మాంద్యం వచ్చి కంపెనీ తప్పుకుంది. కోచ్ కూడా వెళ్లిపోయాడు. ఆట ఆగిపోతుందనే బెంగతో, మూర్తిగారి కాళ్లావేళ్లా పడదామని బయల్దేరాను.

"యాదమ్మగారు మొన్నే వచ్చి మాట్లాడేసుకున్నారండీ" అన్నారాయన. "జాగా ఎప్పట్లాగే వాళ్లకే."

నాకో మాటైనా చెప్పలేదే అని చివుక్కుమంది. గ్రౌండులోకి వెళ్లాను. మ్యాచ్ జోరుగా సాగుతోంది. మెడలో విజిల్‌తో యాదమ్మ నన్ను చూసి, ఆట ఆపకుండానే చెయ్యి ఊపింది.

"మేడం, గీత మీద నిలబడ్డరు. జర బయటికి జరుగున్రి!"

జరిగాను. ఆ చివుక్కు కాస్తా గర్వమైపోయింది. వేళకు గీత బయటికి జరగడమూ నా ఉద్యోగంలో భాగమేనని నాకు నేర్పింది ఆ రిఫరీయే.