బొగ్గు అక్కర్లేని జ్ఞాని

మా అన్నయ్య కూతురి ముఖం కార్టూన్ చూసి పాడైందని మావాళ్లు చెబుతారు. పెళ్లిళ్లలో, ప్రార్థన కూటాల్లో, ఏ పిల్లవాడైనా టీవీకి అతుక్కుపోయి కనిపిస్తే చాలు, ఆ కథ బయటికి తీస్తారు. ఆ పిల్లకి అందం పిచ్చి పట్టిందనీ, బొమ్మల్లో ఏదో క్రీము చూసి తనూ పూసుకుందనీ. నేను పక్కన ఉంటే గొంతు తగ్గిస్తారు గానీ కథ మార్చరు. ఆ కార్టూన్‌ని ఆ పిల్ల పక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూసింది నేనొక్కదాన్నే. తీర్పు చెప్పినవాళ్లలో ఒక్కరూ దాన్ని చూడలేదు.

మేం అప్పుడు బోయిగూడలో ఉండేవాళ్లం. కింది వాటాలో అన్నయ్య, వదిన, అమ్మ, పిల్ల. పై గదిలో నేను, నేను దిద్దాల్సిన కాలేజీ పేపర్లు. రైల్వే ఉద్యోగాల కోసం తాత కాలంలో కోస్తానుంచి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో మాట ఇంకా అక్కడిదే. పిల్లది మాత్రం వీధి మాట.

మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి ఒక పద్ధతి ఉంది. తెల్లని పిల్లలు దేవదూతలు. చామనచాయవాళ్లు గొల్లలు. బాలయేసును చూడ్డానికి వచ్చే తూర్పు జ్ఞానులు ముగ్గురిలో మూడోవాడు నల్లగా ఉండాలి. దొరల కాలంలో ఏ గ్రీటింగ్ కార్డు మీద చూసి పెట్టారో గానీ, ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ వేషానికి ఎవరో ఒక కుర్రాడి ముఖానికి బొగ్గుపొడి నూనెలో కలిపి పూసేవారు. మా పిల్ల సండేస్కూల్లో చేరిన ఏడు టీచరు దాని గడ్డం పట్టుకుని, "గీ పిల్లకు బొగ్గు సుత అక్కర్లేదు, గిసొంటి జ్ఞాని మళ్ల దొర్కడు" అంది. అందరూ నవ్వారు. మా వదిన కూడా నవ్వింది, ఇంటికొచ్చాక వంటింట్లో గిన్నెలు విసిరింది.

అప్పటినుంచి ప్రతి ఏడూ అదే వేషం. బంగారు కాగితం అంటించిన కిరీటం, మా అమ్మ పాత పట్టుచీరతో కుట్టిన అంగీ, బోళమనే సుగంధద్రవ్యం అని చెప్పి చేతికిచ్చిన పౌడరు డబ్బా. మూడో జ్ఞానికి ఒక్క మాట కూడా ఉండదు. వచ్చి, డబ్బా పెట్టి, మోకరించి, పక్కన నిలబడాలి. నాటకంలో పెద్ద మాటంతా దేవదూతది. గొల్లలకు భయపడవద్దని చెప్పి, పుట్టినవాడెవరో ప్రకటించాలి. ఆ మాటంతా మా పిల్లకు కంఠతా వచ్చు. పశువులపాక పక్కన నిలబడి, పైకి వినపడకుండా పెదాలు కదుపుతుండేది. దాని గొంతు మామూలు గొంతు కాదు. ఆరాధనలో వాక్యం చదివితే కునుకు తీసే పెద్దలు తలెత్తేవారు. దానికి అందం పిచ్చి పట్టిందనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. దానికి ఆ మాట చెప్పాలని ఉంది, అంతే. తెల్లబడితే తప్ప ఆ మాట నోట్లోకి రానివ్వం అన్నది మనం.

ఏడో తరగతిలో ఉండగా అది ధైర్యం చేసి దేవదూత వేషం కావాలని టీచర్నే అడిగింది. చూద్దాం బిడ్డా అందట ఆవిడ, తెల్లగౌను నీకు నప్పుతదా మరి అని కూడా అందట. ఆ వారంలోనే మా వదిన రెజిమెంటల్ బజార్లో ఒక మందుల షాపునుంచి ముఖం తెల్లబడే క్రీము ట్యూబు తెచ్చింది. షాపతను చీటీ అడగలేదు, వదిన డాక్టరు మాట ఎత్తలేదు. అందరూ ఇదే తీసుకెళ్తున్నారని షాపతను చెప్పాడట. మా అమ్మ ట్యూబు తిప్పి తిప్పి చూసి, మా రోజుల్లో ఇలాంటివి లేకపోయె అని నిట్టూర్చింది.

నేను ఊరుకోలేదు. దేవదూత నల్లగా ఉండకూడదని ఏ అధ్యాయంలో ఉందో చూపించమన్నాను.

"నీకు మాటలెక్కువే," అంది అమ్మ. "నీ మాటలతో దానికి వేషం ఇప్పించగలవా, చెప్పు."

ఇప్పించలేనని నాకూ తెలుసు. నేను లేచి పైకి వెళ్లిపోయాను.

ఆ ట్యూబు బాత్రూం అరమీద టూత్‌పేస్టు పక్కనే ఉండేది. దాచినవాళ్లెవరూ లేరు. అయిపోతే అన్నయ్యే ఆఫీసునుంచి వస్తూ ఇంకోటి తెచ్చేవాడు. వానాకాలం పోయేసరికి పిల్ల ముఖం నిజంగానే తెల్లబడింది. మెడ దగ్గర గీత గీసినట్టు రంగు మారేది. చర్చి గుమ్మంలో ఆడవాళ్లు ఆపి మరీ మెచ్చుకునేవారు, ఇప్పుడు కళ వచ్చిందనేవారు. టీచరు దానికి దేవదూత వేషం ఇచ్చింది. ఆ రోజు అది మెట్లు రెండేసి ఎక్కుతూ నా గదికి వచ్చి, మంచం మీద నిలబడి మాటంతా చెప్పింది. నేను విన్నాను.

డిసెంబరు మొదట్లో ఒక శనివారం సాయంత్రం ఆ కార్టూన్ వచ్చింది. నలుగురు హైస్కూలు పిల్లలు, తుమ్ముతూ తిరిగే ఒక లావుపాటి పిల్లి. వారానికో దొంగను పట్టుకుంటారు. తెలుగులో డబ్బింగ్. పిల్లికి ఎవరో గుంటూరు యాసలో గొంతిచ్చారు, అందుకే మా పిల్లకు ప్రాణం. ఆ వారం కథలో ఊళ్లో అందాల పోటీ ఉంటుంది. అమ్మాయిలు పొద్దున లేచేసరికి అందరి ముఖాలూ ఒకే అచ్చులో పోసినట్టు తయారవుతాయి. ఎవరు ఎవరో తల్లులకే తెలియదు. ఒక తల్లి వేరేవాళ్ల అమ్మాయిని చెవి పట్టుకుని ఇంటికి లాక్కెళుతుంది. మేమిద్దరం పడీపడీ నవ్వాం. చివరికి పిల్లి తుమ్ముతూ ఒక నేలమాళిగకు దారి చూపిస్తుంది. అక్కడ పీపాల నిండా ముఖాలు మార్చే క్రీము. ముసుగు వేసుకున్న దొంగ దొరుకుతుంది. పీపాలు దొర్లించేస్తారు, తెల్లారేసరికి అందరి ముఖాలూ ఎవరివి వాళ్లకు వచ్చేస్తాయి. కళ్లద్దాల అమ్మాయి స్టేజీ ఎక్కి, ఏ ముఖానికి ఆ ముఖమే అందమని చెబుతుంది.

పిల్ల నవ్వడం ఎప్పుడో ఆపేసింది. లేచి బాత్రూంలోకి వెళ్లి, ట్యూబు మొత్తం సింకులోకి పిండేసి వచ్చింది. నేను సంతోషించాను. నా మాట వినని ఇల్లు బొమ్మల మాటైనా వింది కదా అనుకున్నాను.

నాలుగైదు రోజుల్లో దాని ముఖం ఎర్రగా వాచిపోయింది. మంట. చుక్క నీళ్లు తగిలినా ఏడ్చేది. బుగ్గలనిండా పొక్కులు. చర్మం డాక్టరు ఖాళీ ట్యూబు చేతిలోకి తీసుకుని మా వదిన వైపు చూశాడు.

"ఇది తామరకు పూసేదమ్మా. నెలల తరబడి ముఖానికి పూస్తే చర్మం పల్చబడిపోతుంది. మానితే ఇలా తిరగబడుతుంది. మొదలే పెట్టకూడదు."

కాబట్టి మావాళ్లు చెప్పేదాంట్లో వరస సరిగానే ఉంది. కార్టూన్ చూసింది, ముఖం పాడైంది. క్రీము పూసుకోమని కార్టూన్ చెప్పలేదు, మానెయ్యమని చెప్పింది. పిల్ల మానేసింది. పీపాలు దొర్లించేస్తే తెల్లారేసరికి ముఖం తిరిగొస్తుందన్న ఒక్క అబద్ధమే అందులో ఉంది, అదే పిల్లకు తగిలింది.

వేషం సైనిక్‌పురినుంచి వచ్చే ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన మనవరాలికి వెళ్లింది. పాలరాతి బొమ్మలా ఉండేది. పాపం మంచి పిల్లే, కానీ తెలుగు నోరు తిరగదు. రెండు రిహార్సల్స్ చూసి టీచరు మా ఇంటికి వచ్చింది, పళ్లు కూడా తెచ్చింది. మా పిల్ల పక్కన కూర్చుని తల నిమిరింది.

"ముఖం ఆమెది, గొంతు నీది. పర్దా ఎన్క నిలవడి చెప్పు బిడ్డా. ఎవ్వరికి కనవడవు, నీకేం పరేషాన్ లేదు."

నేను నోరు తెరిచాను. నువ్వు ఊరుకో అన్నాడు అన్నయ్య. పిల్ల సరేనంది.

ఆ ఏడు నాటకం అన్నిటికన్నా బాగుందని ఇప్పటికీ అంటారు. పాలరాతి పిల్ల రెక్కలు కట్టుకుని నోరు కదిపింది. పర్దా వెనకనుంచి, ముఖానికి తడిగుడ్డ అడ్డుపెట్టుకుని, మా పిల్ల చెప్పింది. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. అయ్యాక అందరూ వెళ్లి ఆ తెల్లపిల్ల చేతులు పట్టుకున్నారు. మూడో జ్ఞానిగా ఎవరో కుర్రాడు, మళ్లీ బొగ్గు.

దాని ముఖం పాత రంగుకు రాలేదు, కొత్త రంగులోనూ నిలవలేదు. బుగ్గల మీద మచ్చలు, పల్చటి చర్మం కింద ఎర్రని నరాలు. మరుసటి ఏటినుంచి వాక్యం చదవడానికి లేవమన్నా లేవలేదు. చదువయ్యాక ఫోన్లలో మాట్లాడే ఉద్యోగంలో చేరింది. అవతలివాళ్లు గొంతు బాగుందంటారని ఒకసారి చెప్పింది. ఆ మాటలో సంతోషం వెతికాను, దొరకలేదు.

నాటకం రోజు ఇంటికి వస్తూ ఆటోలో అది నన్నొకటి అడిగింది. గుడ్డ అడ్డు తియ్యకుండానే అడిగింది.

"అత్తా, ఏ ముఖానికి ఆ ముఖమే అందమని చెప్పెటందుకే గద ఆ బొమ్మ తీసిన్రు. మరి ముసుగు పీకినంక ఆ దొంగను నల్లగ ఎందుకు గీసిన్రు?"

నిజమే. ముసుగు తీస్తే నల్లని ముఖం, చప్పిడి ముక్కు. స్టేజీ మీద నీతి చెప్పిన కళ్లద్దాల అమ్మాయేమో తెల్లగా, సన్నగా. పక్కనే కూర్చున్న నాకు కనపడలేదు. కాలేజీలో తోటివాళ్లను అడిగాను, పిల్లల బొమ్మలకు ఇంత వాదనెందుకన్నారు. ఆ కార్టూన్ మళ్లీ ఎక్కడా రాలేదు. గీసినవాళ్లెవరో, ఏ దేశంలో ఉన్నారో తెలియదు. వాళ్లు చెడ్డవాళ్లయి ఉండరు, మా టీచరమ్మలాగే. మంచి చెప్పాలనే కూర్చుని ఉంటారు. అన్ని రంగులూ ఎదురుగా పెట్టుకుని కూర్చుని, దొంగ దగ్గరికి వచ్చేసరికి వాళ్ల చెయ్యి ఆ సీసా వైపే ఎందుకు వెళ్లింది?