అమ్మ వెన్నులో మరమేకులు

మా పిన్నికి ఆశ్చర్యపోవడం పుట్టుకతో వచ్చిన గుణం. జిప్పు లాగితే పళ్ళన్నీ ఒకదాన్నొకటి పట్టుకోవడం చూసి ఆగిపోయేది. గుడ్డు పెంకు అంత పల్చగా ఉండి కూడా మీద కూర్చున్న కోడి బరువు ఎలా మోస్తుందని అడిగేది. అడగడమే కానీ జవాబు చెప్పేవాళ్ళు దొరికేవాళ్ళు కాదు. "నన్ను తప్ప లోకంలో అన్నిటినీ నోరు తెరుచుకుని చూస్తుంది" అని బాబాయి దెప్పేవాడు.

ఆవిడ చాలా ఏళ్ళు ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేసింది. సోడా నీళ్ళకి చేతులు పగుళ్ళుబారి ఇక లాభం లేదనుకున్నాక, ఊరి చివరనున్న ఒక చిన్న కంపెనీలో చేరింది. అక్కడ మనుషుల వెన్నెముకలో బిగించే స్క్రూలు, కడ్డీలు తయారుచేసేవాళ్ళు. పిన్నిని పరీక్షల గదిలో వేశారు. మొదటిరోజు ఆ గది ఇంజనీరమ్మ ఒక ప్లాస్టిక్ వెన్నెముకను ఆవిడ చేతుల్లో పెట్టిందట. పిన్ని దాన్ని రెండు చేతులమీదా పసిబిడ్డలా పట్టుకుని, పూసకీ పూసకీ మధ్య వేలు దూర్చి చూసి, ఇంత ఒళ్ళు మోసేది ఇంత సన్నటి దండా అని అడిగిందట. ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ ముందు నిలబడ్డవాళ్ళ వీపులే చూస్తూ కూర్చుని, దిగాల్సిన చోటు దాటిపోయింది.

ఆ గదిలో పని బయటికి చాలా మామూలుగా కనిపిస్తుంది. ఎముకలాగే ఉండే గట్టి నురుగు దిమ్మల్లో స్క్రూలు దించాలి. వాటికి కడ్డీ బిగించాలి. ఒంటి వేడితో సమానంగా కాచిన ఉప్పునీళ్ళ తొట్టిలో ఆ దిమ్మల్ని ముంచి యంత్రానికి తగిలించాలి. యంత్రం ఆ కడ్డీని ముందుకీ వెనక్కీ వంచుతూనే ఉంటుంది. మనిషి లేస్తూ, కూర్చుంటూ, వంగి చెప్పులు తొడుక్కుంటూ ఏళ్ళ తరబడి వెన్నుకి పెట్టే శ్రమంతా అది కొన్ని వారాల్లో పెడుతుంది. యాభై లక్షల సార్లు వంగినా విరక్కుండా, వదులవకుండా ఉంటేనే ఆ వస్తువుకి ముందుకుపోయే దారి. పిన్ని దానికి తలూపుడు యంత్రం అని పేరు పెట్టింది. "ఇంట్లో ఆయన, ఇక్కడ ఇది, ఇద్దరూ అన్నిటికీ తలూపేవాళ్ళే. కాకపోతే ఇది పని కూడా చేస్తుంది" అనేది.

ఇక మా అమ్మ. పిన్నికి సొంత అక్క. ఇళ్ళకీ ఆఫీసులకీ రంగులు వేసే పని ఆవిడది. పైకప్పులకి రంగు వెయ్యడంలో చెయ్యి తిరిగిన మనిషి. నిచ్చెన మీద నిలబడి మెడ వెనక్కి వాల్చి బ్రష్షు ఆడిస్తుంటే ఒక్క చుక్క కింద పడేది కాదు. అలాంటి మనిషికి యాభై దాటాక నడుములో ఒక పూస కింది పూస మీదనుంచి ముందుకి జారడం మొదలైంది. నరం నలిగి, కాళ్ళలోకి నిప్పు పాకినట్టు నొప్పి. ముందుకి వంగితే కాస్త నయంగా ఉండేది. అందుకని వంగి నడిచేది. వంగి నడిచీ నడిచీ చివరికి నిటారుగా నిలబడడమే మర్చిపోయింది. ఎదురుగా వచ్చేవాళ్ళని చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేది.

డాక్టరు ఎక్స్‌రే ఫొటోలు తీయించి చూసి, జారిన పూసని స్క్రూలతో బిగిస్తే నయమవుతుంది కానీ ఈవిడ ఎముక మెత్తబడిపోయింది, స్క్రూ దిగుతుంది గానీ నిలవదు అన్నాడు. అమ్మకి ఆ మాట చప్పున అర్థమైంది. "గుల్లగోడ అన్నమాట" అంది. ఆయన నవ్వలేక తలూపాడు. సిమెంటు లాంటిది పోసి బిగించే పద్ధతి ఒకటుందిగానీ, ఈ జారుడికి దాన్ని నమ్మలేనన్నాడు. మందులు రాసిచ్చి, చూద్దామన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పిన్ని గదిలోకి ఒక కొత్త స్క్రూ వచ్చింది. ఎముకలోకి మామూలు స్క్రూలాగే దిగుతుంది. దిగాక దాని తల లోపల ఒక సన్నటి పుల్ల తిప్పితే, కొస నాలుగు రేకులుగా కొద్దిగా విచ్చుకుంటుంది. మెత్తటి ఎముకని లోపలినుంచి పట్టుకుంటుంది. మొదటిసారి అది విచ్చుకోవడం చూసినప్పుడు పిన్ని ఇంజనీరమ్మని మళ్ళీ తిప్పమని, మళ్ళీ తిప్పమని బతిమాలిందట. "మొగ్గని చూశాను, గొడుగుని చూశాను. ఇనుములాంటి దాన్ని ఇంత నెమ్మదిగా విచ్చుకోగా చూడడం ఇదే మొదలు" అని మాతో చెప్పింది.

అంతకుమించి చెప్పకూడదని కంపెనీ నియమం. కానీ అమ్మ ఊరుకునే రకమా. ఎలాగో కూపీ లాగింది. తన గుల్లగోడకి కావలసిన మేకు చెల్లెలి చేతికిందే ఉందని తెలిశాక ఆవిడకి నిద్ర పట్టలేదు. ఒకరోజు నొప్పి బాగా ముదిరి, మంచం పట్టె పట్టుకుని కూర్చుని అంది:

"మీ గదిలో పారేసేవాటిలోంచి నాలుగు తెచ్చి డాక్టరు చేతిలో పెట్టవే. ఎవరికి తెలుస్తుంది?"

నవ్వుతూనే అంది. కానీ కళ్ళు నవ్వలేదు. పిన్ని అమ్మ పాదాలకేసి చూసింది.

"ఇంకా ఎవరూ సరేననలేదక్కా" అంది.

"నేనంటున్నాగా."

"నువ్వంటే చాలదు."

అమ్మ మొహం తిప్పుకుంది. తర్వాత చాలా రోజులు పిన్నితో ముక్తసరిగా మాట్లాడింది. కూర ఇస్తే తీసుకునేది, కబురు చెబితే వినేది, అంతే.

కొత్త పరికరం ఏదైనా మనుషుల ఒంట్లోకి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కార్యాలయం ఒప్పుకోవాలి. ఈ స్క్రూ అప్పటికే వాడుకలో ఉన్నవాటికి దగ్గరి చుట్టమే కాబట్టి అనుమతి త్వరగా వస్తుందని కంపెనీలో అందరూ అనుకున్నారు. యాభై లక్షల వంపులు పూర్తయ్యాయి. ఒక్కటీ విరగలేదు, ఊడలేదు. కాగితాలన్నీ కట్టి పంపారు. కానీ అనుమతి రాలేదు. ఒక ప్రశ్న వచ్చింది. ఏళ్ళ తర్వాత ఎవరికైనా ఈ స్క్రూని బయటికి తియ్యాల్సివస్తే, విచ్చుకున్న రేకులు మళ్ళీ ముడుచుకుంటాయా?

కంపెనీ యజమాని తల పట్టుకున్నాడు. కొత్తగా బిగించినదాన్ని విప్పి చూశారు, అది బాగానే ముడుచుకుంది. కానీ అన్ని లక్షల సార్లు వంగాక, ఉప్పునీళ్ళలో అన్నాళ్ళు నానాక విప్పి ఎవరూ చూడలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారని కొందరు విసుక్కున్నారు. పెద్ద కంపెనీ ఒకటి అప్పుడే పత్రికల్లో, ఇలాంటి విచ్చుకునే సోకులు అక్కర్లేదు, ఉన్న సిమెంటు పద్ధతే భేషుగ్గా ఉందని మాట్లాడింది. ఆ కార్యాలయం వాళ్ళకి పనేమీ లేదా అని మా ఇంట్లో అమ్మ కూడా తిట్టింది.

పరీక్ష ముగించుకున్న దిమ్మల్ని ఇంజనీరమ్మ బల్లమీద పెట్టించింది. ఒక్కొక్కటీ విప్పమంది. మొదటిది పిన్నే పట్టుకుంది. పుల్ల తిప్పింది. రేకులు కదల్లేదు. ఇంకొంచెం బలంగా తిప్పింది. రెండు ముడుచుకున్నాయి, రెండు మొరాయించాయి. అలాగే బయటికి లాగితే స్క్రూ వచ్చింది, దాంతోపాటు దిమ్మలోంచి పిడికెడు నురుగు పెళ్ళగించుకుని వచ్చింది. మిగిలిన దిమ్మలో గుహలా ఖాళీ. పిన్ని ఆ ఖాళీలో వేలు పెట్టి చూసుకుంది. తన అక్క నడుము ఆవిడ కళ్ళముందు మెదిలింది.

ఆ సాయంత్రం ఆవిడ తిన్నగా మా ఇంటికే వచ్చింది. చెప్పకూడని మాటే అయినా చెప్పేసింది. అమ్మ మంచంమీద ఒత్తిగిల్లి వింది.

"ఆ ప్రశ్న అడిగిన మనిషెవరో నాకు తెలీదక్కా. మన మొహం ఎరగడు. నీ పేరు విన్లేదు. ఎక్కడో ఒక గదిలో కూర్చుని, ఎప్పుడో నీ నడుములోంచి ఇది తియ్యాల్సొస్తే ఎలా అని ఆలోచించాడు. నీ కడుపున పుట్టినవాడికీ, నీ తోడబుట్టినదాన్ని నాకూ రాలేదు ఆ ఆలోచన."

అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది. ఆ పూట ఇద్దరూ కలిసి తిన్నారు. నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, దేవుణ్ణి తలుచుకునేవాళ్ళ గొంతులో ఉండే వణుకు ఆరోజు పిన్ని గొంతులో ఆ ప్రశ్న అడిగిన గుమాస్తాని తలుచుకుంటే ఉంది.

రేకుల మొదట్లో వంపు మార్చారు. లోహం పైన నునుపు పెంచారు. మళ్ళీ దిమ్మలు, మళ్ళీ ఉప్పునీళ్ళు, మళ్ళీ యాభై లక్షలు. అమ్మ ఎదురుచూసింది. ఈసారి ఎప్పుడవుతుందని అడగలేదు, సరిగ్గా చేస్తున్నారా అని అడిగేది. పరీక్ష అయ్యాక ఒక్కొక్కదాన్నీ విప్పారు. పుల్ల తిప్పగానే రేకులు బుద్ధిగా ముడుచుకుని, దిమ్మకి స్క్రూ మందాన రంధ్రం తప్ప ఏ గాయమూ చెయ్యకుండా బయటికొచ్చాయి. అన్నీ వచ్చాయి. ఇంజనీరమ్మ కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుందట.

ఎండలు ముదరకముందే అనుమతి వచ్చింది. ఆ వారమంతా కంపెనీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కొందరు డాక్టర్లు మాకు ముందు ఇవ్వమన్నారు. కొందరు ఇంకో రెండేళ్ళు చూశాకే ముట్టుకుంటామన్నారు. సిమెంటు భేషన్న పెద్ద కంపెనీ, మా విచ్చుకునే స్క్రూ కూడా త్వరలో వస్తోందని ప్రకటన ఇచ్చింది. అప్పటికి వాళ్ళ దగ్గర బొమ్మ గీసిన కాగితం కూడా ఉందో లేదో. "ఆలూ లేదు, చూలూ లేదు" అని బాబాయి మొదలుపెట్టాడు. మిగతాది అందరం కలిసి పూర్తిచేసి నవ్వుకున్నాం. పిన్ని మాత్రం నవ్వలేదు. "రానీ. వాళ్ళనీ అడిగేవాళ్ళు అడుగుతారు" అంది.

డాక్టరు అమ్మ పేరు మర్చిపోలేదు. ఆపరేషన్ అయిన మర్నాడు ఎక్స్‌రే తీసి వెలుగు పలక మీద పెట్టాడు. నేనూ పిన్నీ వెళ్ళి నిలబడ్డాం. పొగమంచులాంటి బూడిదరంగు ఎముక, అందులో తెల్లగా నాలుగు స్క్రూలు. ఒక్కొక్క దాని కొసనా విచ్చుకున్న రేకులు. చేతుల్లో అన్నేళ్ళు తిప్పిన వస్తువుని మనిషి లోపల ఉండగా పిన్ని చూడడం అదే మొదటిసారి. డాక్టరు పలక ఆర్పబోతే, కొంచెంసేపు ఉంచండి బాబూ అంది. ఆయన ఉంచాడు. ఆవిడ పలక దగ్గరికి వెళ్ళి, ముట్టుకోకుండా, వేలు దూరంగా పెట్టి ఒక్కొక్క రేకునీ చూపించుకుంది. తర్వాత నెమ్మదిగా అంది:

"అక్క లోపల ఇంత అందంగా ఉంటుందని తెలీదు."

రెండు రోజులకి అమ్మని లేపి నిలబెట్టారు. నర్సు ఒకవైపు, నేను ఒకవైపు. అమ్మ అలవాటు కొద్దీ వంగబోయింది. వంగాల్సిన అవసరం లేదని ఒంటికి తెలియడానికి కాస్త సమయం పట్టింది. అప్పుడు తలెత్తింది. నా మొహం ఎదురుగా ఉంది. ఆవిడ నన్ను అంత తిన్నగా చూసి మూడేళ్ళయింది. "నువ్వింత పొడుగయ్యావేంట్రా" అంది. నిజానికి నేను పెరగలేదు. పిన్ని గోడకి ఆనుకుని నిలబడి, రెండు చేతులూ నోటిమీద పెట్టుకుని చూస్తూ ఉంది. అంతకుముందెప్పుడూ ఆవిడ ఆశ్చర్యంలో మాట లేకపోవడం నేను చూడలేదు.

అమ్మ ఎడమ పాదంలో తిమ్మిరి అలాగే ఉండిపోయింది. చాలాకాలం నలిగిన నరం పూర్తిగా కోలుకోదని డాక్టరు ముందే చెప్పాడు. నిచ్చెన ఎక్కొద్దన్నాడు, ఆవిడ ఎక్కలేదు. గోడలకి మాత్రం చెయ్యి అందినంతమేరా రంగు వేస్తుంది. పైన వేసేవాళ్ళకి కిందనుంచి వంకలు పెడుతుంది.

ఆ మరుసటేడు కంపెనీలన్నీ తమ సరుకు చూపించుకునే పెద్ద ప్రదర్శనకి ఇంజనీరమ్మ పిన్నిని వెంటబెట్టుకెళ్ళింది. గాజు పెట్టెల్లో, నల్ల మఖమలు మీద, దీపాల కింద, ఎన్ని కంపెనీలవో ఎన్ని రకాల స్క్రూలో, కడ్డీలో, పూసల మధ్య పెట్టే బిళ్ళలో. పోటీ కంపెనీల పెట్టెల ముందు పిన్ని కంపెనీవాళ్ళు మూతులు విరిచారు. పిన్ని మాత్రం ప్రతి పెట్టె ముందూ ఆగింది. పెద్ద కంపెనీ వాళ్ళ దగ్గర ఒక గడ్డపాయన పక్కగా, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడి ఉన్నాడు. కోటు ఆయనది కానట్టు భుజాలమీంచి జారుతోంది. ఆయన వేళ్ళ సందుల్లో ఉప్పు తిన్న తెల్లటి పొలుసు పిన్ని కంటబడింది. మీరు పరీక్షల గదిలోనా అని అడిగింది. అవునమ్మా, మీరూనా అన్నాడు.

తమ తమ స్క్రూల గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు ఇద్దరూ. అందుకని తొట్టిలో నీళ్ళు తగ్గితే ఎలా తెలుస్తుందో, యంత్రం చప్పుడు ఇంటికెళ్ళాక కూడా చెవుల్లో ఎలా ఆగదో, చేతులకి ఏ నూనె మంచిదో చెప్పుకున్నారు. ఇంజనీరమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి ఇద్దరూ మెట్లమీద కూర్చుని భోజనం పొట్లాలు విప్పుకుంటున్నారు. మా అక్కకి ఇలా అయిందండీ అని పిన్ని చెబుతోంది. ఆయన తినడం ఆపేసి వింటున్నాడు.