చింతపిక్కంత మైకు

మా అపార్టుమెంటు గేటుకి మొన్న ఆకుపచ్చ రంగు వేశారు. మధురవాడలో ఏ గేటుకైనా ఏడాదికో రెండేళ్లకో జరిగే పనే అది. కానీ ఆఫీసు నుంచి వచ్చి స్కూటీ ఆపి హెల్మెట్ తీయగానే, ఎండకి కాగిన ఇనుము మీద ఆరీ ఆరని ఆ రంగు వాసనా, అందులో కలిపిన కిరసనాయిలు ఘాటూ ముక్కుకి తగిలి, లోపలికి వెళ్లడం మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. నా చిన్నతనంలో ఆ వాసన వచ్చిందంటే నాన్న ఇంట్లో ఉన్నాడని అర్థం.

మాది విశాఖపట్నం సముద్రపు ఒడ్డున జాలర్ల పేట. నాన్న నూకరాజు మరబోటులో ఇంజను డ్రైవరు. ఏడాదంతా సముద్రం మీదే ఉండి, మధ్యలో ఒకటి రెండు పూటలు ఒడ్డుకొచ్చి, నిద్రపోయి, మళ్లీ వెళ్లిపోయే మనిషి. వేసవిలో మాత్రం చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపించేది. అప్పుడు బోట్లన్నీ హార్బరులో పక్కపక్కన ఒరుసుకుని నిలబడితే, మగవాళ్లు వాటి అడుగుల్లో పట్టిన నాచూ గుల్లలూ గీకి, నీలం, పసుపు, ఆకుపచ్చ రంగులు పూసేవాళ్లు. సాయంత్రం నాన్న మోచేతుల దాకా రంగు మరకలతో వచ్చి అరుగు మీద కూర్చుంటే, మా అమ్మ పోలమ్మ కొబ్బరినూనె ముంచిన గుడ్డతో ఆ మరకలు తుడుస్తూ, వీధి కబుర్లన్నీ చెబుతూ ఉండేది.

ఆ నెలన్నర మాకు పండగే. పల్లెల నుంచి గంపల్లో తాటిముంజెలు వచ్చేవి. పుల్ల మామిడికాయ ముక్కలేసి అమ్మ ఎండురొయ్యల కూర వండితే ఆ వాసనకి పక్కింటి పిల్లలు కూడా కంచాలు పట్టుకుని వచ్చేవాళ్లు. పొద్దున్నే చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరుక్కుని, ఎండ ముదిరేదాకా బోర్లించిన తెప్పల కింద దాగుడుమూతలాడి, ఇసుకలో పీతల బొరియల్లోకి పుల్లలు దూర్చి, ఒళ్లంతా ఉప్పు తేలాక ఇంటికొచ్చేవాళ్లం. నాన్న మా ఆటలు చూసి నవ్వేవాడు. ఏమిటో గాని, అందరూ నవ్విన కాసేపటికి నవ్వేవాడు. అదాయన తీరు అనుకునేవాళ్లం. పిలిస్తే పలకకపోతే, పరధ్యానం అనుకునేవాళ్లం. అలల హోరు మధ్య మా పేటలో అందరూ గొంతెత్తే మాట్లాడతారు కాబట్టి, మా ఇంట్లో ఇంకాస్త గట్టిగా మాట్లాడుకుంటున్నామన్న సంగతి మాకే తెలియదు.

నేను ఏడో తరగతిలోకి వెళ్లబోతున్న వేసవి అది. మా అన్న రాజు పాలిటెక్నిక్‌లో చేరి ఏడాదైంది. క్లాసులో ఇంగ్లీషులో గబగబా చెప్పే పాఠాలు వాడికి అందేవి కావు. స్నేహితుడి దగ్గర కొన్న పాత ఎంపీత్రీ ప్లేయర్ ఒకటి ఉండేది. దానికి గుచ్చే మైకు దొరికితే పాఠాలు రికార్డు చేసుకుని ఇంటికొచ్చి నెమ్మదిగా వినొచ్చని వాడి ఆశ. వన్‌టౌన్‌లో ఓడల నుంచి దిగిన పాత సామాను అమ్మే వీధిలో వెతికి వెతికి చివరికి ఒకటి తెచ్చాడు. పొట్టి తీగ చివర చింతపిక్కంత నల్లటి బుడిపె, దాని పక్కనే ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడానికో చిన్న రంధ్రం, అంతే. చవక సరుకు కాబట్టి, ముందు పరీక్ష చేసుకోమనీ, పని చేయకపోతే సోమవారంలోగా తెచ్చి ఇచ్చెయ్యమనీ అమ్మినవాడు చెప్పాడట.

ఇక చూడండి మా పరీక్షలు. కోడిపెట్ట ముందు పెట్టాం, కుళాయి దగ్గర పెట్టాం, అలల దగ్గరికి తీసుకెళ్లాం. అలలు ఎవరో గోనెసంచి చింపుతున్నట్టు వినిపించాయి. మనుషుల మాటలు మాత్రం బాగానే వచ్చాయి. ఆ మధ్యాహ్నం మేమంతా అన్నాలు తింటుండగా అన్న ఎవరికీ చెప్పకుండా దాన్ని కంచం పక్కన పెట్టి రికార్డు మీట నొక్కాడు. తిన్నాక నాన్న హార్బరుకి వెళ్లిపోయాడు. మేం ముగ్గురం ప్లేయర్‌ని చిన్న స్పీకరుకి తగిలించి విన్నాం. మొదట మాకు నవ్వొచ్చింది. అన్నం తింటున్నట్టు లేదు, కొట్లాడుకుంటున్నట్టు ఉంది. తర్వాత కూరలో ఉప్పెక్కువైందా అని అమ్మ గొంతు అడిగింది. ఎల్లుండికి రంగు పని అయిపోతుందని నాన్న గొంతు జవాబిచ్చింది. నేనూ అన్నా పడీ పడీ నవ్వాం. అమ్మ నవ్వలేదు. ఇంకోసారి పెట్టమంది. రెండోసారి వింటుంటే మా నవ్వు కూడా ఆగిపోయింది. ఆమె అడిగిన ఒక్కదానికీ ఆయన సరైన జవాబు చెప్పలేదు. ఎదురుగా కూర్చుని రోజూ వినే మాటలే, అప్పుడు మాకు అలా వినిపించలేదు.

"మీ నాన్నకి సెప్పకండి," అంది అమ్మ. "తెలిస్తే సరంగు బోటెక్కనివ్వడు."

సరంగంటే బోటుకి పెద్ద. అప్పుడర్థమైంది నాకు, అమ్మ నాన్నతో ఏదైనా చెప్పాలంటే ముందు ఆయన భుజం మీద చెయ్యి ఎందుకేస్తుందో.

మర్నాడు ఆదివారం. అన్న ఊరుకోలేదు. రికార్డు మీట నొక్కితే మైకు వింటున్నది అప్పటికప్పుడే ఇయర్‌ఫోన్లలోకి, ఇంకాస్త గట్టిగా వస్తుందని వాడు గమనించాడు. అరుగు మీదున్న నాన్న దగ్గరికెళ్లి, మైకు ఎంత దూరం లాగుతుందో చూడాలి సాయం చెయ్యమని కొంత మాటతో కొంత సైగలతో అడిగి, ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, మైకు గుచ్చిన ప్లేయర్ ఆయన ఒళ్లో ఉంచి రికార్డు మీట నొక్కాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల అమ్మ మాకు వీపు పెట్టి చేటలో బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడుకి తగ్గట్టు, తనలో తనే, పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడుకునే పాటేదో పాడుకుంటోంది. మాకది కొత్త కాదు, పనిలో ఉంటే అమ్మ ఎప్పుడూ అలా పాడుతూనే ఉంటుంది.

నాన్న ఉలిక్కిపడ్డాడు. ఒళ్లో ఉన్న ప్లేయర్ వైపు చూశాడు, వీధి వైపు చూశాడు.

"ఎవులు పాడతన్నారు?"

అమ్మ అని చెప్పాను. ఆయనకి నా మాట కూడా తిన్నగా వినిపించినట్టుంది, నా ముఖం వైపు తిరిగాడు.

"మీ అమ్మ ఇంకా పాడతాదా?"

మా ఇద్దరి తర్వాత అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టి, నెల తిరక్కుండానే పోయాడు. ఆ దుఃఖంతో ఆమె పాడడం మానేసిందని ఇన్నేళ్లూ ఆయన అనుకున్నాడట. అడిగితే ఏడుస్తుందని అడగలేదట. ఆయన చెవి సంగతి ఇంకా తెలియని రోజుల్లో, తన పాట మీద ఆయనకి మనసు విరిగిందని అమ్మ అనుకుంది, అందుకే గొంతు తగ్గించుకుంది. ఈ సంగతులన్నీ చాలా ఏళ్లకి అమ్మే నాకు చెప్పింది. ఆ పూట నేను చూసింది ఇంతే. నాన్న ఇయర్‌ఫోన్లు తీయకుండా లేచి లోపలికెళ్లి, అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమె చేట ఆపేసింది. ఆపొద్దని చేత్తో చెప్పాడు. అమ్మ సిగ్గుపడి, కొంగుతో ముఖం తుడుచుకుని, కాసేపటికి మళ్లీ పాడింది.

పాట అయ్యాక నాన్న మాతో చాలాసేపు మాట్లాడాడు. చలికాలం వేటలో వల లాగే చక్రంలో ఒక కుర్రాడి చొక్కా చిక్కుకుందట. ఆపమని అందరూ అరిచినా ఇంజను దగ్గరున్న తనకి వినపడలేదట. చొక్కా చిరిగిపోబట్టి పిల్లాడు బతికాడు. అప్పటి నుంచీ బోటెక్కిన ప్రతిసారీ భయమేనట.

"ఈ ఏడు నానెల్లను," అన్నాడు. "ఆడు మనోడి వయసోడే."

అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

నిషేధం ముగిసిన రోజు బోట్లు పసుపు కుంకుమలతో, పూలదండలతో బయల్దేరుతుంటే నాన్న జెట్టీ మీద నిలబడి తాడు విప్పాడు. సరంగుకి అంతకుముందే ఇంటికెళ్లి తనే చెప్పుకున్నాడు. ఆ మనిషి కోప్పడలేదు సరికదా, హార్బరులో ఇంజన్లు బాగు చేసే షెడ్డులో పని చూసిపెట్టాడు. పెద్దాసుపత్రిలో చెవి మిషను రావడానికి చాలా కాలం పట్టింది. అందాకా ఆ ప్లేయరూ చింతపిక్కంత మైకూ నాన్న చొక్కా జేబులోనే ఉన్నాయి. అవి నాన్నకి వదిలేసి, అన్న ఆ ఆదివారం మర్నాడు కాలేజీకి నోటుపుస్తకమే పట్టుకెళ్లాడు. తర్వాత ఉప్పుగాలికి మైకు తీగ పచ్చబడి ఊడిపోయింది, ప్లేయర్ ఎక్కడ పోయిందో తెలియదు, అందులో రికార్డయినవీ దాంతోనే పోయాయి.

ఇప్పుడా పేటలో తెప్పలు తక్కువ, మేడలు ఎక్కువ. మా పాత ఇల్లు ఉన్నచోట అన్న రెండంతస్తులు కట్టాడు. నాన్న వాడి దగ్గరే ఉంటాడు. అమ్మ పోయి మూడేళ్లవుతోంది. మా అమ్మాయి ఫోనులో పుట్టినరోజుల దగ్గర్నుంచి పిల్లికూతల దాకా అన్నీ ఉన్నాయి, అమ్మమ్మ పాట మాత్రం లేదు. ఆ చేట పాట ఏమిటో రాసుకుందామని పోయిన ఆదివారం నాన్న పక్కన కూర్చుని, మాటలేమైనా గుర్తున్నాయా అని అడిగాను. మిషను సర్దుకుని, నన్ను మళ్లీ అడగమని, విని, తల అడ్డంగా ఊపాడు.

"మాటలు నాకేటి తెలుసమ్మా," అన్నాడు. "నాను దాని గొంతే ఇన్నాను."