వంపులో ఆపిన పడవ

నీళ్లంటే నాకిప్పుడు బకెట్లోవి చాలు. పడవ అన్న మాట వింటేనే నీరసం వస్తుంది. ఎందుకంటారా? నడుము లోతు నీళ్లలో నా పెళ్లినే ముంచబోయాను, వినండి.

తిరుమల ఘాట్ రోడ్డులో జీపు తోలే రోజులు. నాకు సంబంధం మాట్లాడ్డానికి నగరి నుంచి పిల్ల తండ్రి, పిల్ల వనజతో సహా వచ్చి, కొండ మీద గుండు చేయించుకొని, చందనం పూసుకొని దిగాడు.

"డ్రైవరుకు పిల్లనియ్యాలంటే బయమప్పా. నీ నిదానం సూసినాకే మాట" అన్నాడు.

ఆలూ లేదు చూలూ లేదు, నేను మాత్రం అప్పుడే "రా మామా, పార్కులో పడవెక్కిస్తా" అన్నాను. వనజ నాకు తెగ నచ్చేసింది మరి.

కాళ్లతో తొక్కే పడవ. ముందు నేనూ మామా, వెనక వనజ. మధ్యలో చుక్కాని తిప్పే కడ్డీ. ఎదురుగా ఫౌంటెన్. ఘాట్ రోడ్డు బుద్ధి ఊరుకుంటుందా? వంపులో నిదానించాలి గదా! తొక్కడం ఆపి, కడ్డీని కడదాకా తిప్పాను. పడవ నేరుగా పోతూనే ఉంది.

"తిప్పప్పా!"

"తిప్పినా మామా!"

"తిప్పితే అది యాడికి పోతా ఉండాది?"

వెనక నుంచి వనజ అరిచింది. "తొక్కండప్పా! తొక్కిన నీళ్లొచ్చి తగిల్తేనే గదా చుక్కాని తిప్పేది? నిలిపేస్తే అది వట్టి రేకు!"

"వంపులో ఎవరన్నా తొక్కుతారా?" అని కసిరి, మామ కూడా తొక్కకుండా ఆయన మోకాళ్లు అదిమి పట్టాను. అదీ చాలక నోటితో "పాం పాం" అని హారన్ కొట్టాను. ఫౌంటెన్ తప్పుకోలేదండీ.

సరిగ్గా దాని కిందే నిలిచాం. మామ గుండు మీది చందనం ముక్కు మీదుగా కొత్త చొక్కాలోకి పాయసంలా జారింది. చివరికి వనజ తిట్టి తొక్కిస్తే, పడవ ముక్కు ఇటు, తోక అటు తిప్పుకొని బుద్ధిగా ఒడ్డుకొచ్చింది.

మామ తువ్వాలు పిండుకుంటూ అన్నాడు. "పదమ్మా. పడవ తిప్పలేనోడు సంసారమేం తిప్పుతాడు?"



"వంపొస్తే నిలిపేసే మనిషి నాయనా. ఈయప్ప నన్ను లోయలోకి తోలడు. ఈయప్పనే చేసుకుంటా" అంది వనజ. నా వైపు తిరిగి, "తొక్కమన్నప్పుడు మాత్రం తొక్కాల" అంది.

ఆ మాట మీదే తాంబూలాలు పుచ్చుకున్నాం. అప్పటి నుంచీ తొక్కుతూనే ఉన్నాను, కాళ్లు పీకుతున్నా. అందుకే ఏడుకొండలవాడి మీద ఒట్టు: బ్రేకు లేనిదాంట్లో ఇక జన్మలో కాలు పెట్టను. పెళ్లికి ముందే వేసుకోవలసిన ఒట్టు!