కప్పు లేని కారుకు పరదా

జాగీర్లు పోయిన మరుసటి ఏడాది, ఊరు విడిచిపోతున్న ఒక జాగీర్దారు గారి ఇంట్లో నేను కారు కొన్నాను. కారంటే మీరనుకునే కారు కాదు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, వానొస్తే లాక్కోవడానికి ఒక కాన్వాసు గుడ్డ ఉంది. ఇంగ్లీషువాళ్లు పందేల సరదా కోసం చేసుకున్న బండి. కొనేవాళ్లు లేక గుర్రపుశాలలో పడి ఉంటే, దాని సీటు కింద కోడి గుడ్లు పెట్టింది. నేనేమో లక్డీకాపూల్ దగ్గర సర్కారు దఫ్తరులో గుమాస్తాను. 'మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె' అని నాంపల్లిలో మా గల్లీ గల్లీ అంతా అన్నది. అననీ. వాళ్ల మీసాలకు ఆముదం కూడా లేదు.

ముచ్చటకు కొని మూలన పెట్టే స్తోమత నాకెక్కడిది? రోజూ దఫ్తరుకు దాంట్లోనే పోయేవాణ్ణి. సీట్లో కూర్చుని చెయ్యి కిందికి చాపితే రోడ్డు తగిలేది. పక్కన టాంగా ఆగితే గుర్రం ఊపిరి నా నెత్తి మీద వెచ్చగా పడేది. మొదటి రోజు స్టేషన్ దాటి కాస్త వేగం అందుకోగానే తల పైకెత్తాను. చెట్ల కొమ్మలూ, కరెంటు తీగలూ, వాటి వెనక ఆకాశమూ అన్నీ నా మీదుగా వెనక్కి పరుగెత్తుతున్నాయి. నాకప్పటికి ముప్పై రెండేళ్లు. ఆ ఊళ్లోనే పుట్టాను, ఆ దారినే వందలసార్లు నడిచాను. అయినా అది నేనెరగని ఊరు. దఫ్తరులో కూర్చున్నాక గంటసేపు ఫైలు తెరవలేకపోయాను.

ఆ కారుతో కాపురం మాత్రం అంత సులువు కాదు. చలికాలం పొద్దున్నే ఇంజను లేవడానికి ముందున్న హ్యాండిలు తిప్పీ తిప్పీ భుజాలు పడిపోయేవి. కూరగాయల సంచి పెట్టడానికి చోటుండేది కాదు, మా ఆవిడ కాళ్ల మధ్య సొరకాయ ఇరికించుకుని కూర్చునేది. వానొస్తే కాన్వాసు గుడ్డ కన్నా మా గొడుగే నయం. అన్నిటికన్నా పెద్ద చిక్కు గల్లీ. కారు లోపలికి వచ్చేది కానీ తిరిగేది కాదు. అయితే బండి ఎంత తేలికంటే, ఇరుగు పొరుగు నలుగురు వెనక భాగం పట్టుకుని లేపి, మంచాన్ని జరిపినట్టు జరిపి, మూతి రోడ్డు వైపు పెట్టేవాళ్లు. సంపెంగ నూనె సామెత చెప్పినవాళ్లే రోజూ పొద్దున టైముకు వచ్చి మరీ లేపేవాళ్లు.

ఆ కారు ఎక్కని మనిషి ఇంట్లో ఒకతే. మా అమ్మ.

అమ్మది ఘోషా. పన్నెండేళ్లకు కాపురానికి వచ్చిన నాటి నుంచి గడప దాటితే పరదానే. మొదట ఎద్దుల కచ్చడం బండికి, తర్వాత టాంగాకు, ఆ తర్వాత రిక్షాకు పరదాలు మారాయి కానీ పరదా పోలేదు. మా నాయన పోయినా పోలేదు. ఆ లోపల కూర్చునే అమ్మ ఊరంతా చెప్పేది. బిస్కెట్ల వాసన రాగానే ఆబిడ్స్ వచ్చిందనేది. పండ్ల వాసన రాగానే మొజంజాహీ మార్కెట్ అనేది. ఆ మార్కెట్ కడుతున్నప్పుడు రాళ్ల బండ్లు మా గల్లీ ముందు నుంచే పోయేవి, ఆ చక్రాల చప్పుడు గుర్తుందనేది. మార్కెట్ ఎట్లా ఉంటుందో మాత్రం ఆమెకు తెలియదు. తెలియదని నాకు తట్టనే లేదు.

కారు కొన్న రెండేళ్లకు అమ్మ కళ్లు మసకబారాయి. దవాఖానలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు అన్నాడు. ఎడమ కన్ను పోయినట్టే. పోయిన చూపు రాదు. కుడి కన్ను ఆర్నెల్లు, మహా అయితే ఏడాది. మందు వేయించుకోవడానికి వారానికి రెండుసార్లు తీసుకురమ్మన్నాడు. అమ్మకు ఏమీ దాచకుండా చెప్పాను. ఆమె విని, సరేనని చెప్పి, బియ్యం ఏరడానికి కూర్చుంది.

రిక్షా కుదుపులకు ఆమెకు తలనొప్పి లేచేది. ఇక కారులో తీసుకుపోక తప్పదు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. ఆబిడ్స్‌ నుంచి ఒక దర్జీని పిలుచుకొచ్చి, కప్పు లేని కారుకు పరదా కుట్టమన్నాను. అతను టేపు మెడలో వేసుకుని కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, దీనికి ఛాతీ కొలత ఎక్కడ తీసుకోవాలని అడిగాడు. మా ఆవిడ లోపలికి పోయి నవ్వింది. నాకు ఒళ్లు మండింది. చివరికి నాలుగు ఇనప కమ్మీలు బిగించి, వాటికి ఎర్రటి మందపాటి గుడ్డ కట్టించాను. పందెపు కారు పెళ్లికూతురి మేనాలా తయారైంది.

అమ్మను ఎక్కించుకున్న మొదటి రోజే గల్లీలో బండి తిప్పడం ఆలస్యమైంది. డాక్టరు వెళ్లిపోతాడేమోనని స్టేషన్ రోడ్డులో వేగం పెంచాను. పందేల కోసం చేసిన బండి, పరదా మర్యాద దానికేం తెలుసు? మార్కెట్ దగ్గరికి రాగానే గాలి గుడ్డలో దూరింది. కమ్మీలకు తగిలించిన ఉంగరాలు టపటపా తెగాయి. పరదా మొత్తం ఒక్కసారిగా లేచిపోయి వెనక అరటిపండ్ల బండి మీద పడింది.

కారు ఆపాను. చుట్టూ మగవాళ్లు, కూలీలు, టాంగావాళ్లు. నా పరువంతా నడిరోడ్డు మీద పడ్డట్టయింది. గుడ్డ తేవడానికి దిగబోతుంటే అమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. గది వోతె వోనియ్యి. నువ్వు జర మెల్లగ నడుపు."

కొంగు కూడా ముఖం మీదికి లాక్కోలేదు. కుడి కన్ను మంచిగా ఆనేటట్టు తల ఒక పక్కకు తిప్పి, పైకి చూస్తోంది. ఆ రాతి గోడలు, గుమ్మటం, గడియారం, దాని మీద పావురాలు. అదేమిటని అడిగింది. మొజంజాహీ మార్కెట్ అన్నాను.

"గిదా?" అన్నది.

నేను మార్కెట్ చుట్టూ ఒకసారి తిప్పాను. చాలలేదనిపించి ఇంకోసారి తిప్పాను. అమ్మ ద్రాక్షలు తూచే మనిషిని చూసింది, మంచుగడ్డ మోస్తున్న మనిషిని చూసింది, మళ్లీ గుమ్మటాన్ని చూసింది. ఆమె నోరు కొంచెం తెరుచుకునే ఉంది. ఆ ముఖం నేనెన్నడూ చూడలేదు. మార్కెట్‌ను చూడాలా, అమ్మను చూడాలా తెలియక బండిని ఒక రిక్షాకు తగిలించబోయాను.

దవాఖాన ముందు ఆపాక అమ్మ అన్నది: "గింత సక్కదనం ఇంటి పక్కనే వెట్టుకోని, ఒక్కనాడన్న సూపియ్యకపోతివి గదా బిడ్డా."

"నువ్వు రావనుకున్ననమ్మా."

"అడిగితివా?"

నేను అడగలేదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ తర్వాత రోజూ దఫ్తరుకు ముందు గంటసేపు అమ్మను తిప్పేవాణ్ణి. ఆబిడ్స్‌లో దుకాణాల అద్దాలు, నాంపల్లి స్టేషన్లో పొగ వదిలే ఇంజను, లక్డీకాపూల్లో మా దఫ్తరు మెట్లు, అన్నీ చూసింది. ఘోషా విడిచిందని చుట్టాలు నాలుగు మాటలన్నారు. అమ్మ వినలేదు, నేను వినిపించుకోలేదు. ప్రతి రోజూ చివరికి మార్కెట్ చుట్టూ ఒక చుట్టు తిరిగితేనే ఆమెకు తృప్తి.

మామిడిపండ్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఒక పొద్దున మార్కెట్ ముందు బండి ఆపాను. అమ్మ తలెత్తి చాలాసేపు చూసింది.

"ఇయ్యాల మస్తు మబ్బు వట్టింది గదా బిడ్డా. గడియారం గూడ కానొస్తలేదు."

"ఔనమ్మా, మబ్బే" అన్నాను. ఎండకు స్టీరింగు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాను.