బొగ్గు గుర్తుల రాళ్లు

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుపుతున్న బస్సులో నేను పోతుంటే, అది కారంపూడి కూడలిలో ఆగిపోయింది. ముందు, దుర్గి నుంచి పొడవాటి రాతిస్తంభం తెస్తున్న లారీ, రోడ్డు మధ్య గుండ్రటి మట్టిదిమ్మెను చుట్టి తిరగలేక ఇరుక్కుంది.

నా పక్కన కూర్చున్న ముసలి రాతిపనివాడు గునపంతో దిగాడు. బస్సు బొగ్గుతోనే దిమ్మె చుట్టూ నిలువుగా పాతిన అంచురాళ్లకు వరస గుర్తులు పెట్టి, ఒక్కొక్కటే పెకలించాడు. లారీ దిమ్మె మీదుగా దాటిపోయింది.

"ఎక్కు తాతా, పోదాం," అన్నాడు డ్రైవర్.

"మీరు పోండయ్యా. తీసిన రాళ్లు పెట్టందే నేను రాను."

"ఇయ్యాళ ఇంకో బస్సు లేదు!"

"నడిచొస్తా."

"ఏం మొండి ముసలాడో!" అని విసుక్కున్నది నేనే.

వారం తర్వాత అదే దారిన తిరిగొచ్చాను. రాళ్లన్నీ గుర్తుల వరసలోనే ఉన్నాయి, కాకపోతే నిలువుగా కాదు, వాలుగా. నా కళ్లముందే ఇంకో రాతి లారీ వాటి మీదుగా ఎక్కి, ఆగకుండా దిగిపోయింది.