పండుమిర్చి పచ్చడి, నా ప్రమోషన్

పోయిన నెల నా ప్రమోషన్ ఇంటర్వ్యూ ఏమైందని అందరూ అడుగుతున్నరు గదా, చెప్తా. ముందు ఆ చాయ్ తాగేయండి. నవ్వితే ముక్కులకు పోతది, తర్వాత నన్ననొద్దు.

నా రీసెర్చ్ మొక్కలకొచ్చే వైరస్‌ల మీద. నేలకొండపల్లి మిర్చి రైతు బిడ్డను, ఇంకేం చేస్తా? మా లైన్‌లో ప్రమోషన్ కావాలంటే పేపర్లు రాయాలె. రాస్తే సరిపోదు, వేరేవాళ్లు వాళ్ల పేపర్లలో మన పేపర్ పేరెత్తాలె. దాన్నే సైటేషన్ అంటరు. చాన్నాళ్లు నా పేపర్లను పట్టించుకున్న నాథుడే లేడు.

గట్లాంటిది, ఒక్క పేపర్‌కు పోయినేటి నుంచి సైటేషన్లు ముసురు పట్టినట్టు పడుతున్నయి! చర్ల అడవిలో బీడీలు చుట్టే తునికాకులు కోసి టెస్ట్ చేస్తే, వాటిల్ల మిరప వైరస్ దొరికింది. అడవిచెట్టుకు మిరపతోట వైరస్! ఇట్లాంటిది ఎవరూ చూడలేదని గొప్పగా రాసిన.

ఇగ పొద్దున లేవంగనే ఫోన్ తీసి ఆ నంబర్ చూసుకునుడే పని. మా నాన్నకు సైటేషన్ అంటే ఏందో తెల్వదు. మిర్చి యార్డు ధర కనుక్కున్నట్టు రోజూ ల్యాబ్‌కు ఫోన్ చేసేటోడు, "బిడ్డా, ఇయ్యాల నీ రేటెంత?" అని. పెరిగింది నాన్నా అంటే చాలు, బజారంతా చెప్పొచ్చేటోడు. ఇంటర్వ్యూ రోజైతే అమ్మ ముందే పాయసం వండి కూసున్నది.

లోపల ముగ్గురు పెద్దోళ్లు. నడిమిట్ల ఉన్న మేడమ్ వైరస్‌లు చూసి చూసి జుట్టు తెల్లబడ్డ మనిషి. మెచ్చుకుంటదని నేను నిటారుగా కూసున్న. ఆమె మెల్లగ అడిగింది.

"మీ పేపర్‌ను వీళ్లంతా ఎందుకు ప్రస్తావించారో ఎప్పుడన్నా చదివారా?"

నంబర్ పెరుగుతుంటే చదివే తీరిక ఎవరికుంటది? చదివినట్టే తలూపిన. అయితే ఇది పైకి చదవండని ల్యాప్‌టాప్ నా దిక్కు తిప్పింది. చదివిన. తునికాకులను ఆ పేపర్ రాసినోళ్లు మళ్లీ టెస్ట్ చేస్తే ఏ వైరసూ దొరకలేదట. చేతులు శుభ్రంగా లేకుండా శాంపిల్ తీస్తే ఏమైతదో తెలవాలంటే నా పేపర్ చూడాలెనట! రెండోది చదవమన్నది. అదే పాట. మూడోదాంట్ల, నా లెక్క కాకుండా వాళ్లు గ్లౌజులు వేసుకున్నరని రాసుకున్నరు. పేరైతే వచ్చింది, పోలీస్ స్టేషన్ గోడ మీద ఫోటో వచ్చినట్టు.

"ఆ రోజు అడవిలో మధ్యాహ్నం ఏం తిన్నారు?" అన్నది మేడమ్.

అమ్మ కట్టిన టిఫిన్ డబ్బా కండ్ల ముందు మెదిలింది.

"పండుమిర్చి పచ్చడన్నం, మేడమ్."

"చేత్తోనా?"

"చేత్తోనే, మేడమ్."

ఖమ్మంవాళ్లం, పచ్చడన్నం చెంచాతో తింటమా? బాటిల్ల అడుగున మిగిలిన నీళ్లతో చెయ్యి కడిగి, చున్నీకి తుడుచుకొని ఆకులు కోసిన. గ్లౌజులు జీపులనే ఉన్నయి. ఆ వైరస్ మనుషులనైతే ఏం చెయ్యదు గానీ మహా మొండిది. మిరపకాయను ఎండబెట్టినా, రుబ్బినా, ఉప్పేసి జాడీకెత్తినా పోదు. ఈ ముక్క ఏటేటా స్టూడెంట్లకు చెప్పేదాన్ని నేనే!

మేడమ్ నవ్వు ఆపుకొని, ముందు ఆ తప్పును మీరే దిద్ది అచ్చు వేయించండి, ప్రమోషన్ సంగతి వచ్చేసారి చూద్దామన్నది. ఇంటికొచ్చి జాడీలోంచి ఇంత పచ్చడి తీసుకపోయి టెస్ట్ చేస్తే, నిండా వైరస్. దిద్దుబాటు రాసి పంపిన. అమ్మకు సంగతంతా చెప్తే, పాయసం గిన్నె నా ముందు పెట్టి ఒక్కటే అడిగింది.

"అంటే పనిజేసింది నా పచ్చడి, పేరేసుకున్నది నువ్వా?"

ఇగ నాన్నకు చెప్పుడే మిగిలింది. రేటు పడిపోయింది నాన్నా అన్న. ఆయన కొంచెం కూడా కంగారు పడలే.

"పడితే పడనియ్ బిడ్డా. సరుకు కోల్డ్ స్టోరేజీల పెట్టు. మళ్ల లేస్తది."

పెట్టిన. ఇప్పుడు మా ల్యాబ్ ఫ్రీజర్ల ఒక చిన్న డబ్బాల అమ్మ పచ్చడి ఉన్నది. టెస్ట్ సరిగ్గ పనిజేస్తుందో లేదో చూసుకునేటందుకు వైరస్ గ్యారంటీగా ఉన్న శాంపిల్ ఎవరికి కావాల్సొచ్చినా అదే తీసుకుంటున్నరు. ఇన్నేండ్ల నా రీసెర్చ్‌ల ఎవరూ వంక పెట్టని సరుకు అదొక్కటే. అది కూడా అమ్మ రుబ్బింది.